ముప్పై ఒక్క కిలోమీటర్ల కాంపౌండు

సమన్వయ శాఖ జిల్లా కార్యాలయంలో ఇన్‌వర్డు సెక్షను వరండాకి తూర్పు కొసన ఉంటుంది, ఔట్‌వర్డు సెక్షను పడమటి కొసన. మధ్య దూరం డెబ్బై రెండు అడుగులు. తూర్పు కొసన లోపలికి వచ్చిన కాగితం ఏడు బల్లలు ఎక్కి దిగి పడమటి కొసన బయటపడడానికి మూడున్నర నెలలు పడుతుంది. ఇన్‌వర్డు గుమాస్తా హిమజ, ఔట్‌వర్డు గుమాస్తా కృపాకర్ ఒకరి మనసులో మాట ఒకరికి చేరవేసుకుని, ఇళ్ళలో ఒప్పించి, పెళ్ళి కూడా చేసుకోవడానికి మూడు నెలలే పట్టింది. ఆ వరండాని అంత వేగంగా దాటిన వ్యవహారం మరొకటి లేదని అటెండరు పైడయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

పెళ్ళయి పంతొమ్మిది రోజులైంది. హిమజకి ఇంకా అన్నీ వింతగానే ఉన్నాయి. మేకుకి రెండు గొడుగులు పక్కపక్కన వేలాడడం, పాల ప్యాకెట్టు ఒకటి చాలక రెండోది కొనడం, స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లలో తన పేరు పక్కన ఆయన పేరు కనిపించడం. ఆఫీసు అలవాటు పోక ఇంట్లో కూడా ఆయన్ని "కృపాకర్ గారూ" అనే పిలిచేది. "చెప్పండి మేడమ్, పప్పు పెండింగులో ఉందా?" అనేవాడు ఆయన.

ఇద్దరూ కలిసి అరకు వెళ్ళి రావాలని నాలుగు రోజులు సెలవు అడిగారు. ఉప సంచాలకులు గరుడాద్రి గారు దరఖాస్తు మీద ఇలా రాశారు: "ఇన్‌వర్డు గుమాస్తా లేని రోజున కాగితం లోపలికి రాదు. ఔట్‌వర్డు గుమాస్తా లేని రోజున బయటికి పోదు. ఇద్దరూ లేని రోజున ఈ కార్యాలయం ఉన్నదీ లేనిదీ ప్రజలకు తెలియదు. కావున ఇరువురికీ విడివిడిగా, వేర్వేరు వారాల్లో, హనీమూన్ సెలవు మంజూరు చేయడానికి అభ్యంతరం లేదు."

తిరిగొచ్చిన ఆ దరఖాస్తుకి ఇన్‌వర్డు నంబరు హిమజే వేసుకుంది.

అదే రోజు జీలుగుమెట్ట నుంచి సింహాచలమ్మ వచ్చింది. ఆ ఊరి బడిలో మధ్యాహ్నం భోజనం వండే మనిషి. ఒక చేతిలో అర్జీ, మరో చేతిలో సగం పనసపండు.

"పద్దెనిమిది మంది గుంటలమ్మా," అంది హిమజ బల్ల ముందు కూర్చుని. "అయిదు దాకా మా ఊళ్ళోనే సదువుతారు. ఆరు నించీ జంక్షన్ కాడ హైస్కూలుకి ఎల్లాల. ఏడు కిలోమీటర్లు ఎల్లాల, ఏడు రావాల. బస్సు నేదు, ఆటో రాదు. ఈల్లు కాక ఇంకో నలుగురు ఆడగుంటలు అప్పుడే మానీసినారు. ఈ వానలు పడితే మిగిలినోళ్ళూ మానీస్తారు. ఒక వ్యాను ఇప్పించండని రాయించినాను."

"మా శాఖ వ్యాన్లు ఇవ్వదమ్మా."

"మరేటిస్తారు?"

హిమజ అర్జీ తీసుకుని నాలుగు వందల పదిహేడో నంబరు వేసింది. సింహాచలమ్మ ఆమె మెళ్ళోని పసుపుతాడు చూసి నవ్వింది. "కొత్త పెల్లికూతురివా? మా ఊరు రా తల్లీ, నీ పెనిమిటిని తీసుకుని. పనసకాయ కూర వండుతాను."

"వస్తాం," అంది హిమజ. ఆ మాట అనేసిన తర్వాత నాలుగు వందల పదిహేడు అన్న అంకె ఆమె మనసులోంచి పోలేదు.

అర్జీ నాలుగో బల్ల దాకా వెళ్ళి ఆగిపోయేదే. కానీ పైడయ్యకి నోరు ఊరుకోదు కనుక, ఆ సంగతి మరమరాల మిల్లు పేరమ్మ గారి చెవిలో పడింది. పేరమ్మ గారికి డెబ్బై రెండేళ్ళు. చిన్నప్పుడు జీలుగుమెట్ట దారినే తలమీద మరమరాల గంప పెట్టుకుని తిరిగిన మనిషి. ఆవిడ నేరుగా గరుడాద్రి గారి గదిలోకి వచ్చి గోడవార ఉన్న బల్ల మీద కూర్చుంది.

"వ్యాను నేను కొనిస్తాను బాబూ. డ్రైవరు జీతం కూడా నాదే. కానీ ఒక మాట. ఇక్కణ్ణించి ఆ ఊరు దాకా ముప్పై ఒక్క కిలోమీటర్లూ మీ ఆఫీసోళ్ళు ఒక్కరైనా సరే, నడిచి ఎల్లాల. ఆ దారి ఎలాగుంటాదో మీ కాళ్ళకి తెలియాల. నడిచినట్టు గవర్మెంటు ముద్రేసిన కాగితం ఒకటి సూపించండి. తాళాలిచ్చేస్తాను."

"ముద్ర ఎందుకండీ? నా నోటిమాట చాలదా?"

"మొన్న మీ ఆఫీసుకి బల్లలిచ్చినాను. పిల్లల బడికి పంపించినాం అని నోటితోనే సెప్పినారు. ఇప్పుడు నేను కూకున్నది ఆ బల్ల మీదే."

పక్క జిల్లా వాళ్ళు ఆ మధ్య అయిదు కిలోమీటర్లు నడిచి పేపర్లో మూడు కాలాల ఫొటో వేయించుకున్నారు. అప్పటి నుంచి గరుడాద్రి గారికి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ముప్పై ఒక్క కిలోమీటర్లు అనగానే ఆయన కళ్ళు మెరిశాయి. మర్నాడే సర్క్యులర్ వచ్చింది: "ఈ సదుద్దేశాన్ని శాఖాపరంగా అందిపుచ్చుకుని మహా సేవా నడకగా రూపుదిద్దవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. సిబ్బంది యావన్మందీ వచ్చే వారం శనివారం నాడు జీలుగుమెట్టకు నడిచెదరు. నడిచిన కాలము విధి నిర్వహణగా పరిగణించబడును."

హిమజ ఆ సర్క్యులర్‌ని మూడుసార్లు చదివింది. తర్వాత డెబ్బై రెండు అడుగులూ గబగబా నడిచి కృపాకర్ బల్ల మీద పెట్టింది.

"యావన్మందీ అంటే ఇద్దరం," అంది.

"ఒకే రోజున," అన్నాడాయన.

"జీతంతో."

అరకు కాకపోతే జీలుగుమెట్ట. ఆ సాయంత్రమే ఇద్దరూ బజారుకి వెళ్ళి ఒకే రంగు కాన్వాసు బూట్లు కొన్నారు. హిమజ ఇంటికి వచ్చి రెండు జతలూ మంచం కాళ్ళ దగ్గర వరసగా పెట్టి, దూరంగా నిలబడి చూసి, మళ్ళీ సర్దింది. తెల్లవారుజామునే లేచి నడక సాధన మొదలుపెట్టారు. రెండో కిలోమీటరు దగ్గర ఒక పెసరట్టు బండి ఉండేది. మొదటి నాలుగు రోజులూ వాళ్ళ సాధన ఆ బండి దాటి ముందుకు సాగలేదు. అయిదో రోజున దాటారు, కానీ తిరిగి వచ్చేటప్పుడు తిన్నారు.

ఆఫీసులో సన్నాహాలు ఇంతకన్నా జోరుగా సాగాయి. పదకొండు కమిటీలు వేశారు. బ్యానరు కమిటీ, మంచినీళ్ళ కమిటీ, గొడుగుల కమిటీ, కమిటీల కమిటీ. తొలి అడుగు ఏ కాలితో వెయ్యాలన్న దాని మీద రెండు రోజులు చర్చ నడిచింది. శుభకార్యం కనుక కుడికాలని కొందరు, కవాతు పద్ధతి ప్రకారం ఎడమకాలని కొందరు. తేలక ప్రాంతీయ కార్యాలయానికి రాస్తే, "రెండు కాళ్ళకూ సముచిత ప్రాతినిధ్యం కల్పించవలెను" అని జవాబు వచ్చింది. దాన్నిబట్టి జనం రెండు కాళ్ళతోనూ నడవవచ్చునని ఖాయమైంది.

బుధవారం నాటి సమావేశంలో తనిఖీ అధికారి అనంతపద్మనాభం గారు లేచి నిలబడ్డారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిలో నిబంధనల పుస్తకంతో ఉండే మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"చిన్న విషయం. హెడ్‌క్వార్టర్సు నుంచి ఎనిమిది కిలోమీటర్లు దాటి వెళ్ళాలంటే ఉద్యోగి ముందస్తు అనుమతి పొందాలి."

"ఇస్తాను. నేనే కదా ఇచ్చేది," అన్నారు గరుడాద్రి గారు.

"తమరు కూడా నడుస్తున్నారు. ఎనిమిదో కిలోమీటరు దాటిన అధికారికి అనుమతులిచ్చే అధికారం ఉండదు. తమరి అనుమతి ప్రాంతీయ కార్యాలయం నుంచి రావాలి. దానికి నలభై అయిదు రోజులు."

"అయితే నేను ఉండిపోతాను."

"తమరు లేకుండా అది శాఖాపరమైన నడక కాదు. నడుచుకుంటూ పోవడం మాత్రమే."

ఫ్యాను తిరుగుతోంది. గరుడాద్రి గారు కిటికీలోంచి కాంపౌండు గోడని చూశారు. గోడ చుట్టూ ఒక్క వీధికుక్క తిరుగుతోంది, ఎక్కడికీ పోకుండా, ఎంతో నడుస్తూ. ఆయన ముఖం వెలిగింది.

"ఈ కాంపౌండు చుట్టుకొలత ఎంత?"

"రెండు వందల యాభై మీటర్లండి."

"నూట ఇరవై నాలుగు ప్రదక్షిణలు. ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఒక్క అడుగు కూడా హెడ్‌క్వార్టర్సు దాటనవసరం లేదు."

చప్పట్లు మోగాయి. హిమజ చప్పట్లు కొట్టడం మరిచిపోయింది.

"సార్," అంది లేచి. "పేరమ్మ గారు జీలుగుమెట్ట దాకా అన్నారు కదండీ?"

"జీలుగుమెట్ట వస్తుందమ్మా," అన్నారు గరుడాద్రి గారు దయగా. "దాన్ని సైకిల్ షెడ్డు పక్కన ఏర్పాటు చేస్తున్నాం."

ఆ మాట నిజమే. గురువారానికల్లా కాంపౌండు రూపురేఖలు మారిపోయాయి. గేటు దగ్గర "జంక్షన్" అని బోర్డు, బోరింగు దగ్గర నీళ్ళ తొట్టి పెట్టి దాని మీద "గెడ్డ" అని బోర్డు, రికార్డు గది మెట్ల మీద "కొండ ఎక్కుట" అని ఒక బాణం గుర్తు. సైకిల్ షెడ్డు స్తంభానికి "జీలుగుమెట్ట గ్రామం మీకు స్వాగతం పలుకుతోంది" అని బ్యానరు కట్టారు. తొట్టిలో నీళ్ళు వాగులా పారడం లేదని ఒక కమిటీ సభ్యుడు అభ్యంతరం చెబితే, నడక జరిగినంతసేపూ పైడయ్య బిందెతో పోస్తూ ఉండాలని నిర్ణయించారు.

"స్వాగతం పలకడానికి గ్రామస్తులు కూడా ఉండాలి కదా?" అన్నారు గరుడాద్రి గారు.

శుక్రవారం సాయంత్రం నాలుగూ యాభైకి కృపాకర్ బల్ల మీదికి ఒక లేఖ వచ్చింది. జీలుగుమెట్ట వారికి. "శనివారం సాయంత్రం అయిదు గంటలకు ఈ కార్యాలయ ప్రాంగణంలోని మీ గ్రామానికి పాదయాత్రికులు చేరుకొనెదరు. విద్యార్థులు పద్దెనిమిది మందీ హారతి పళ్ళెములతో హాజరై స్వాగతము పలుకవలెను. నడక స్ఫూర్తికి భంగము కలుగకుండా మీరు కాలినడకనే రావలెను." అడుగున ఎర్ర సిరాతో: "కార్యక్రమానికి ముందే స్వయంగా అందజేసి తపాలా పుస్తకంలో సంతకము పొందవలెను."

కృపాకర్ వెళ్ళి అనుమతి అడిగాడు. "ఆదేశాన్ని అమలుపరచండి. అనుమతి విషయం పరిశీలనలో ఉంది," అన్నారు గరుడాద్రి గారు.

ఇంటికి వెళ్ళే దారిలో హిమజ పెసరట్టు బండి దగ్గర ఆగి కూడా తినలేదు. అది చూసి కృపాకర్‌కి భయం వేసింది.

"ఆ కాంపౌండు చుట్టూ నూట ఇరవై నాలుగు కాదు, వెయ్యిసార్లు తిరిగినా జీలుగుమెట్ట రాదు," అంది చివరికి. "పేరమ్మ గారు తాళాలు ఇవ్వరు. ఈ వానలకి ఆ పిల్లలు బడి మానేస్తారు. నేను వస్తానని కూడా చెప్పాను సింహాచలమ్మతో."

"ఉత్తరం స్వయంగా అందజెయ్యమన్నారు కదా."

"అనుమతి ఇవ్వలేదు కదా."

"ఎనిమిదో కిలోమీటరు రాయి దాకా అనుమతి అక్కర్లేదు. అక్కడిదాకా నడుద్దాం. రాయి మీద కూర్చుని, ముందుకు వెళ్ళాలా వెనక్కి రావాలా అన్నది అప్పుడు ఆలోచిద్దాం."

హిమజ పెసరట్టు చెప్పింది. రెండు.

శనివారం తెల్లవారుజామున అయిదూ పదికి బయలుదేరారు. సంచిలో పులిహోర, రెండు నీళ్ళ సీసాలు, గొడుగు, తపాలా పుస్తకం. ఊరు దాటేసరికి తూర్పు తెల్లబడింది. జీడితోటల మీద మంచు పలచగా ఉంది. పాల క్యాన్ల మోటారు సైకిలువాడు "లిఫ్టు కావాలేటి?" అని ఆగితే, వద్దని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఒకేసారి అన్నందుకు నవ్వుకున్నారు. ఆ తర్వాత పనసకాయ కూరలో ఆవపిండి ఉండాలా అక్కర్లేదా అన్న విషయం వచ్చింది. ఉండి తీరాలని హిమజ. ఉంటే అది కూర కాదు, పచ్చడి అని కృపాకర్. మాటా మాటా పెరిగింది. మీ అమ్మ గారి వంట, మా అమ్మ గారి వంట దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి పెళ్ళిలో వడ్డించిన పనసకాయ కూరలోకి దిగింది.

"నువ్వు రెండుసార్లు వడ్డించుకున్నావు, అందులో ఆవపిండి ఉంది," అంది హిమజ.

కృపాకర్ ఆగిపోయాడు.

"ఏమైంది?"

"నువ్వు అన్నావు."

హిమజ చెంపలు వేడెక్కాయి. చూపు ఎటు తిప్పాలో తెలియక రోడ్డు పక్కకి చూసింది. అక్కడ కిలోమీటరు రాయి ఉంది. దాని మీద పదకొండు అని ఉంది.

"ఎనిమిది ఏమైంది?" అంది.

"దాటేశాం కాబోలు."

వెనక్కి వెళ్ళి కూర్చుని ఆలోచించడానికి మూడు కిలోమీటర్లు నడవాలి. ముందుకే పోయారు.

జంక్షన్ దగ్గర పులిహోర తిని మట్టిదారిలోకి దిగాక తెలిసింది పేరమ్మ గారు కాళ్ళకి తెలియాలన్నది ఏమిటో. అరచేతి వెడల్పు రాళ్ళు, వాటి మధ్య బురద. గెడ్డ దగ్గర మోకాలిలోతు నీళ్ళు. కొత్త బూట్లు చేతుల్లోకి వచ్చాయి. గెడ్డ అవతల బురదలో చిన్న చిన్న పాదాల అచ్చులు, వెళ్ళినవీ వచ్చినవీ, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. హిమజ మడమ మీద బొబ్బ లేచింది. ఆ అచ్చులు చూశాక దాని గురించి మాట్లాడలేదు.

నాలుగూ నలభైకి జీలుగుమెట్ట చేరారు. సింహాచలమ్మ బడి అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"వొచ్చీసినావేటమ్మా?" అంది లేస్తూ. "దేని మీదొచ్చినారు?"

"నడిచి."

ఆవిడ వాళ్ళ ముఖాలు చూసింది, బూట్లు చూసింది, లోపలికి వెళ్ళి రెండు చెంబుల నీళ్ళు తెచ్చింది. కాళ్ళు కడుక్కున్నాక కృపాకర్ లేఖ చదివి వినిపించాడు. సింహాచలమ్మ శ్రద్ధగా విన్నది.

"అంటే మా ఊరు మీ ఆపీసులో ఉన్నాది. మేము నడుచుకుంటూ మా ఊరు రావాల. అయిదింటికి."

"అవునమ్మా."

"ఇప్పుడెంతయింది?"

"నాలుగూ యాభై."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడని పట్టుకుని నవ్వింది. తర్వాత తపాలా పుస్తకంలో వేలిముద్ర వేసి, పిల్లల్ని కేకేసింది. సరిగ్గా అయిదు గంటలకి పద్దెనిమిది మందీ బడి ముందు నిలబడి పాదయాత్రికులిద్దరికీ హారతి పట్టారు. లేఖలో రాసింది రాసినట్టు జరిగింది, ఊరు తప్ప. ఆ రాత్రి భోజనంలో పనసకాయ కూర వడ్డించారు. అందులో ఆవపిండి ఉంది. కృపాకర్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆదివారం జంక్షన్‌లో బస్సెక్కి తిరిగి వచ్చారు.

సోమవారం పొద్దున్నే పైడయ్య కుంటుకుంటూ ఎదురొచ్చాడు. "శనివారం మీరు నేరు గానీ, అమ్మగోరూ, సూడాల్సిందే. పెద్దయ్యగోరు రెండు చుట్లు తిరిగినారు. మూడో చుట్టుకి కుర్చీలో కూకుని, నడక అధికారాలు కిందోళ్ళకి బదలాయిస్తన్నానని కాగితం రాసినారు. సూపరింటెండెంటు బాబు ఆయన కిందోడికి రాసినారు. రాసుకుంటా రాసుకుంటా నా కాడికొచ్చి ఆగిపోనాది. నా కింద ఎవులూ నేరు గదా. నేనే నడిచినాను, ఆఖరి చుట్టు దాకా. మధ్యలో గెడ్డలో నీళ్ళు కూడా నేనే పోసినాను."

పదిన్నరకి హిమజనీ కృపాకర్‌నీ అనంతపద్మనాభం గారు పిలిచారు. ఎదురుగా తపాలా పుస్తకం, బయలుదేరిన వేళా చేరిన వేళా రాసిన పేజీ దగ్గర తెరిచి ఉంది.

"హెడ్‌క్వార్టర్సు దాటారా?"

"దాటాం సార్."

"ఎంత దూరం?"

"ముప్పై ఒక్క కిలోమీటర్లు."

"వెళ్ళేటప్పుడు బస్సు టిక్కెట్టు?"

"లేదు సార్."

ఆయన రాసుకున్నారు. "టిక్కెట్టు లేనందున నడిచినట్టే రుజువవుతోంది. బూట్లు చూపించండి." చూశారు. అడుగున ఎర్రమట్టి, అట్టకట్టి. "ఈ మట్టి కాంపౌండులో లేదు." అదీ రాసుకున్నారు.

నలభై నిమిషాల్లో మెమో తయారైంది. గరుడాద్రి గారు సంతకం పెట్టి, కోపంలో ముద్ర రెండుసార్లు కొట్టారు. అది ఔట్‌వర్డు సెక్షనుకి వెళ్ళింది. కృపాకర్ తన మీద, తన భార్య మీద వచ్చిన మెమోకి నంబరు వేసి పంపాడు. అది ఇన్‌వర్డు సెక్షనుకి చేరింది. హిమజ దానికి నంబరు వేసి తనే పుచ్చుకుంది. రెండోసారి చదివేటప్పుడు ఆమె వేలు ఒక వాక్యం మీద ఆగిపోయింది.

అప్పటికే పేరమ్మ గారు గరుడాద్రి గారి గదిలో కూర్చుని ఉంది. వ్యాను గేటు బయట ఆగి ఉంది, పసుపురంగుది, అద్దం మీద ఇంకా కాగితం అంటించి ఉన్నది. తాళాలు ఆవిడ కొంగున ఉన్నాయి.

"నడిచినారా బాబూ?"

"యావత్ సిబ్బంది సమష్టిగా, అకుంఠిత దీక్షతో, ముప్పై ఒక్క కిలోమీటర్లు," అన్నారు గరుడాద్రి గారు. "ధ్రువపత్రం సిద్ధంగా ఉంది. తనిఖీ అధికారి సంతకమే తరువాయి. పెట్టండి పద్మనాభం గారూ."

"పెట్టలేను," అన్నారు అనంతపద్మనాభం గారు.

"ఎందుకని?"

"నడక ఎక్కడ మొదలైంది?"

"గేటు దగ్గర."

"ఎక్కడ ముగిసింది?"

"గేటు దగ్గర."

"బయలుదేరిన స్థానమూ చేరిన స్థానమూ ఒకటే అయినప్పుడు, ప్రయాణ నిబంధనల ప్రకారం ప్రయాణించిన దూరం సున్న. నూట ఇరవై నాలుగు సున్నలు కలిపినా సున్నే వస్తుంది. కావాలంటే మళ్ళీ కూడతాను."

గరుడాద్రి గారు ఫొటోలు చూపించారు. పేరమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. గెడ్డలో పైడయ్య నీళ్ళు పోస్తున్న ఫొటో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుని లేచింది.

"ఎండెక్కిపోతన్నాది. వొస్తాను బాబూ."

తలుపు దగ్గర హిమజ అడ్డంగా నిలబడింది. "ఒక్క నిమిషం కూర్చోండి పేరమ్మ గారూ. గవర్నమెంటు ముద్ర ఉన్న కాగితం ఒకటి నా దగ్గర ఉంది. రెండు ముద్రలు." అని, అక్కడే చదివింది.

"మీరు ఇరువురూ గత శనివారం ఉదయం అయిదు గంటల పది నిమిషాలకు బయలుదేరి, ఏ విధమైన వాహనమునూ వినియోగించకుండా, సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు జీలుగుమెట్ట గ్రామమునకు కాలినడకన చేరుకొని, మొత్తము ముప్పై ఒక్క కిలోమీటర్లు నడిచినట్లు ఈ కార్యాలయము ఎట్టి సందేహమూ లేకుండా నిర్ధారించినది. ఇందులో ఎనిమిది కిలోమీటర్లు సక్రమముగాను, ఇరవై మూడు కిలోమీటర్లు అక్రమముగాను నడిచినారు. ఎనిమిదో కిలోమీటరు ఎందుకు దాటినారో మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

పేరమ్మ గారు పెట్టెలోంచి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. కాగితం ఎండకేసి పట్టి ముద్రలు రెండూ చూసింది. తర్వాత హిమజ కాళ్ళ వంక చూసింది. మడమకి గుడ్డ కట్టి ఉంది.

"గెడ్డ కాడ మోకాలు దాకా వొచ్చినాదా?"

"వచ్చిందండి."

"అవతల ఒడ్డున జారుద్ది."

"నేను జారలేదు. ఆయన జారారు."

పేరమ్మ గారు కొంగు ముడి విప్పి తాళాలు హిమజ చేతిలో పెట్టింది.

గరుడాద్రి గారి ముఖంలో కాసేపు రెండు రకాల ఆలోచనలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. మెమో రద్దు చేస్తే వ్యాను పోతుంది, ఫొటో పోతుంది. ఉంచితే, తన శాఖలో నడిచింది ఈ ఇద్దరేనని తన సంతకంతోనే ఒప్పుకున్నట్టవుతుంది. చివరికి గొంతు సవరించుకున్నారు. "మెమో యథాతథంగా కొనసాగుతుంది. దానికి సమాంతరంగా, ఇరువురికీ శాలువాలు."

శాలువాల కోసం పైడయ్య కుంటుకుంటూ బయలుదేరాడు. పేరమ్మ గారు ఆపింది. "ఎన్ని చుట్లు తిరిగినావు నాయనా?"

"మొదటి రెండూ ఈయన, నాలుగు మిగిలినోళ్ళు. తక్కినయ్యన్నీ నేనే తల్లీ."

"మూడు శాలువాలు తే. ఒకటి నీకు. కాలి నెప్పి తగ్గినాక మా మిల్లుకి రా, మరమరాలు పట్టికెల్దువు."

వ్యాను తీసుకెళ్ళి అప్పగించేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. హిమజ తాళాలు చేతిలో గట్టిగా పట్టుకుని అనంతపద్మనాభం గారి వంక చూసింది. ఆయన పుస్తకం తెరవకుండానే చెప్పారు.

"ఒక అతిక్రమణ మీద సంజాయిషీ పెండింగులో ఉండగా, అదే ఉద్యోగులు అదే అతిక్రమణ మళ్ళీ చేస్తే, రెండో ఫైలు తెరవడానికి నిబంధన లేదు. మొదటిది ముగిసేదాకా ఆగాలి."

"అంటే సార్?"

"మూడు రోజులు." ఆయన కిటికీ వైపు తిరిగారు. "అరకు మంచి చల్లగా ఉంటుందని విన్నాను. నేను వెళ్ళలేదు. ఎనిమిది కిలోమీటర్లు దాటి ఉంది."

వ్యాను టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బ్యానరు కట్టారు. గరుడాద్రి గారు జెండా ఊపి, తాను కూడా ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. ఎనిమిదో కిలోమీటరు రాయి దగ్గర బండి ఆపించుకుని దిగి, వెనక వచ్చే జీపు కోసం రాయి పక్కన నిలబడ్డారు. అద్దంలోంచి ఆయన చెయ్యి ఊపుతూ చిన్నగా అయిపోయేదాకా హిమజ చూసింది. ఆ రాయిని సరిగ్గా చూడడం ఆమెకి అదే మొదటిసారి.

జీలుగుమెట్టలో పద్దెనిమిది మంది ఎక్కాల్సిన వ్యానులోకి ఇరవై రెండు మంది ఎక్కారు. మానేసిన నలుగురు ఆడపిల్లలూ వెనక సీట్లో, ఒకరి ఒళ్ళో ఒకరు, సంచులు గుండెలకి హత్తుకుని కూర్చున్నారు. సింహాచలమ్మ కిటికీలోంచి పనసతొనలు అందించింది.

మూడో రోజు పొద్దున్న, అరకు నుంచి దిగి వస్తున్న రైల్లో, హిమజకి సంజాయిషీ గుర్తొచ్చింది. కృపాకర్ భుజం మీద కాగితం పెట్టి రాసింది. రైలు కుదుపుకి అక్షరాలు అటూ ఇటూ పోయాయి. ఇద్దరూ కింద సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రమే దానికి ఇన్‌వర్డు నంబరు పడింది. ఇప్పటికీ అది ఆ కార్యాలయంలో నాలుగో బల్ల మీద ఉంది. అందులో ఉన్నది ఇంతే:

"అయ్యా, దారి ఏమీ బాగాలేదు. తోడు బాగుంది. అందువల్ల ఎనిమిదో కిలోమీటరు ఎప్పుడు దాటామో మాకు తెలియలేదు."